అఫ్జల్‌గంజ్ మత్తు, అర్ధరాత్రి మెలకువ

1889 చలికాలం. హైదరాబాదులో ఒక వింత పని జరుగుతోంది. లండన్ నుంచి ఓడెక్కి వచ్చిన ఒక పేరున్న డాక్టరు, ఇక్కడే ఉద్యోగం చేస్తున్న ఇంకో తెల్ల డాక్టరు, వాళ్ళకి తోడు మరికొందరు వైద్యులు కలిసి వరసపెట్టి జంతువులకి మత్తుమందు ఇస్తున్నారు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు... అన్నీ కలిపి 490 దాకా. ఖర్చు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ది. ఇందుకోసం ఆయన ఇచ్చింది 1000 పౌండ్లు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

వాళ్ళు తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఒక్కటే. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనిషి చచ్చిపోతే, ముందు ఆగేది ఊపిరా? గుండెకాయా?

వైద్య చరిత్రలో దీన్ని హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ అంటారు. మన ఊరి పేరు పెట్టుకున్న ఈ కమిషన్ గురించి మన ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ. చార్మినారు, బిర్యానీ, ముత్యాలు, ఆ తర్వాత మన హైటెక్ సిటీ. అక్కడితో జాబితా అయిపోతుంది.

ఆ కథ చెప్తాను. కానీ నేను అసలు మాట్లాడదల్చుకున్నది మత్తు దిగిన తర్వాత సంగతి. ఇంకా సూటిగా చెప్పాలంటే కేన్సరు చికిత్స పూర్తిచేసుకుని ఇంటికొచ్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టకపోవడం, పడితే కళ్ళకి కట్టినట్టు పీడకలలు రావడం గురించి. దీనికీ 1889 కీ సంబంధమేంటి అంటారా? ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

ముందు అసలు గొడవ ఏంటో చూద్దాం. 1847 నవంబరులో ఎడింబరో డాక్టరు జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంని వాడకంలోకి తెచ్చాడు. మత్తుమందులు రాకముందు ఆపరేషన్ అంటే రోగిని నలుగురు పట్టుకుని కదలకుండా నొక్కి కోయడమే. ఒక్కసారిగా నొప్పిలేని ఆపరేషన్ చేతికొచ్చింది. అయితే మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి చచ్చిపోయింది. కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన పిల్ల! అప్పటినుంచి డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. లండన్ వాళ్ళు గుండె ఆగుతుంది, నాడి చూడాలి అన్నారు. ఎడింబరో వాళ్ళు ఊపిరి చూస్తే చాలు, గుండెకి భయం లేదు అన్నారు.

ఈ ఎడింబరో బడి నుంచి వచ్చినవాడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్. 1846లో మొదలై చాలా ఏళ్ళు ఉర్దూలో పాఠాలు చెప్పిన హైదరాబాద్ మెడికల్ స్కూలుకి ప్రిన్సిపాలు కూడా ఆయనే. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, అంటే పాతబస్తీ నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే వచ్చే ఆస్పత్రి, ఆయన పనిచేసిన చోటు. లారీ తన గురువు జేమ్స్ సైమ్ మాటని వేదంలా నమ్మాడు. 1888లో కుక్కల మీద మొదటి కమిషన్ నడిపి, చూశారా ముందు ఆగేది ఊపిరే అన్నాడు. లండన్ లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం 1000 పౌండ్లు ఇచ్చి, మీరే ఒక మనిషిని పంపించి చూసుకోండి అన్నాడు. అలా వచ్చినవాడు లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడొచ్చని 1867లో కనిపెట్టిన మనిషి. గుండె పక్షం వాడే. ఇక్కడికొచ్చి, ప్రయోగాలు చేసి, లారీ చెప్పిందే నిజమని లాన్సెట్ కి తంతి కొట్టాడు!

ఆ బడిలోనే 1889లో చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ యువతి తర్వాత హైదరాబాదు ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి క్లోరోఫాం ఇచ్చింది. ప్రపంచంలోని మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు. 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదువుకుని వచ్చింది. ఆమె గురించి ఎవరైనా ఒక సినిమా తీస్తే బాగుండు.

ఇంతకీ లారీ గెలిచాడా? పూర్తిగా లేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు. అంటే భయంతో వణికిపోతున్న మనిషికి కొంచెం మత్తు ఇచ్చి కత్తి పెడితే ప్రమాదం. హానా గ్రీనర్ లాంటి వాళ్ళ చావుకి ఇది సరిపోయే వివరణే. 490 జంతువులతో తేలినదాన్ని ఒక్క కొత్త ప్రశ్న తలకిందులు చేసింది. రోగి భయపడుతున్నాడా, అన్నదే ఆ ప్రశ్న.

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. కమిషన్ చేసిన పని చిన్నది కాదు. నాడి కొలిచారు, ఊపిరి కొలిచారు, రక్తపు పోటు గీతలు గీయించి ఫొటోలు కూడా తీయించారు. మన భాషలో చెప్పాలంటే లాగ్స్ అన్నీ పక్కాగా ఉన్నాయి. కానీ వాళ్ళు రాసుకున్న స్కోపులో మెలకువ వచ్చేదాకానే పని. మత్తు ఇచ్చాం, ఆపరేషన్ అయింది, కళ్ళు తెరిచాడు, ప్రాజెక్టు క్లోజ్. తర్వాత ఆ రాత్రి ఆ మనిషి ఎలా పడుకున్నాడు, ఏం కల కన్నాడు అన్నది వాళ్ళ ప్రశ్న కాదు. కుక్కని అడిగితే చెప్పదు కూడా కదా.

తప్పు పట్టడం లేదు. మనిషి బతుకుతాడా చస్తాడా అని తేలని కాలంలో నిద్ర గురించి ఎవరడుగుతారు? కానీ ఆ అలవాటు కాలం మారాక కూడా వదల్లేదు. అదే నా బాధ.

నది ఇవతలి ఒడ్డు సంగతి చూడండి. చార్మినారు పక్కనే నిజామియా యునానీ ఆస్పత్రి ఉంది, 1938 నాటిది. యునానీ వైద్యంలో మనిషి ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి విషయాలు చెప్తారు. గాలి, తిండీ నీళ్ళూ, శరీరం కదలిక, మనసు కదలిక, నిద్రా మెలకువా, ఒంట్లో ఉంచుకునేవీ బయటికి పంపేవీ. ఆరింటిలో నిద్ర ఒకటి. మన చరకుడైతే ఇంకో అడుగు ముందుకేసి శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో ఆహారం తర్వాత నిద్రనే పెట్టాడు. ఈ వైద్యాలతో కేన్సరు తగ్గుతుందని నేను చెప్పట్లేదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. చెప్పేదేంటంటే, హకీం అయినా వైద్యుడైనా నాడి పట్టుకున్నాక తప్పకుండా అడిగే మాట ఒకటుండేది: నిద్ర ఎలా పడుతోంది?

చరక సంహితలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పుస్తకం కొన్ని కలల్ని చావుకి గుర్తులుగా చెప్తుంది, నిజమే. కానీ అదే చోట కలల్ని ఏడు రకాలుగా విడగొడుతుంది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, రాబోయేదాన్ని చెప్పేవి, ఒంట్లో దోషం వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదూ ఫలం లేనివి, వాటిని వైద్యుడు పట్టించుకోనక్కర్లేదు అంటుంది. అంటే ఆస్పత్రిలో పడ్డవాడికి ఆస్పత్రి కల వస్తే అది శకునం కాదని రెండు వేల ఏళ్ళ కిందటి పుస్తకం కూడా ఒప్పుకుంటుంది. మనవాళ్ళు మాత్రం పుస్తకంలో భయపెట్టే సగాన్నే గుర్తుపెట్టుకున్నారు.

మళ్ళీ అఫ్జల్‌గంజ్ కి వద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. లారీ పనిచేసిన ఆ ఆస్పత్రి వరదలో పోయింది. చచ్చిపోయినవాళ్ళు 15 వేల మంది దాకా ఉంటారని అంచనా. ఆస్పత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత ఏడో నిజాం కాలంలో అక్కడే విన్సెంట్ ఎష్ నమూనాతో ఉస్మానియా ఆస్పత్రి కట్టారు. 2020 జులైలో వాన నీళ్ళు వార్డుల్లోకి వచ్చాక ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించారు. నీళ్ళు ఆ చోటుని వదలవు.

ఆ వరదలోనే ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. తర్వాత దాని మీదే కవిత్వం రాశాడు. మిగిలినవాళ్ళ పరిస్థితి ఏంటి? చెట్టు కొమ్మ పట్టుకుని రాత్రంతా నీళ్ళ చప్పుడు విన్న మనిషి మర్నాడు నుంచి ఎలా పడుకుని ఉంటాడు? వాళ్ళకి బియ్యం ఇచ్చారు, బట్టలు ఇచ్చారు. నదికి ఆనకట్టలు కట్టడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. గండిపేట, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. కానీ రాత్రి ఉలిక్కిపడి లేచే మనిషికి అప్పటికి జబ్బు పేరు కూడా లేదు. 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల జాబితాలో దానికి పీటీఎస్‌డీ అని ఒక పేరు పెట్టారు, అది కూడా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పుణ్యమా అని. యుద్ధం, వరద, దాడి లాంటివి చూసిన మనసు ఆ దృశ్యాన్ని పదే పదే తిరగేసుకుంటుందని ఒప్పుకున్నారు.

కేన్సరు ఈ జాబితాలోకి ఎప్పుడొచ్చిందో తెలుసా? 1994లో. ఆ ఏడాది వచ్చిన నాలుగో కూర్పులో ప్రాణాంతకమైన జబ్బు ఉందని తెలియడం కూడా అలాంటి దెబ్బే కావచ్చని రాశారు. 2013లో ఐదో కూర్పు వచ్చేసరికి మళ్ళీ కొంచెం వెనక్కి తగ్గారు. జబ్బు ఉన్నంత మాత్రాన అది ఈ లెక్కలోకి రాదు, హఠాత్తుగా భయంకరమైనదేదైనా జరిగి ఉండాలి అన్నారు. పేరు ఏదైనా పెట్టుకోనీండి, రాత్రి రెండింటికి లేచి కూర్చునే మనిషికి తేడా ఏముంది?

ఇక చికిత్స వైపు కథ చూద్దాం. ఇందులో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ ని బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు పిల్లలకి ఇచ్చాడు. 1948 జూన్ లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి మందే లేదు. రెండు నెలలకి, ఆగస్టులో, సుబ్బారావు చనిపోయాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. ఇక్కడ హైదరాబాదులో, పాతబస్తీకి కాస్త అవతల రెడ్ హిల్స్ లో, మెహదీ నవాజ్ జంగ్ పేరుతో కేన్సరు ఆస్పత్రి 1955లో మొదలైంది. మనం ఎం.ఎన్.జె. అంటాం.

ఆ రోజుల్లో మళ్ళీ అదే ప్రశ్న. బతుకుతాడా, లేదా? మొదట నెలలు లెక్కపెట్టేవారు, తర్వాత ఏళ్ళు. ఐదేళ్ళు బతికితే గెలిచినట్టు. ఆ లెక్కలో నిద్రకి కాలమ్ లేదు. కానీ కేన్సరుకి వాడే మందులూ, వాటికి తోడుగా ఇచ్చే మందులూ చాలావరకు నిద్రని తాకేవే. ఒక్కొక్కటీ చూడండి.

స్టెరాయిడ్లు. 1948లో కీళ్ళవాతానికి కార్టిజోన్ మొదట వాడినప్పుడే కొందరు రోగులు నిద్ర లేకుండా హుషారుగా తిరగడం డాక్టర్లు చూశారు. 1962 నాటికి పిల్లల రక్త కేన్సరుకి ఇచ్చే నాలుగు మందుల కలయికలో ప్రెడ్నిసోన్ చేరింది. ఇప్పుడు కీమో రోజున వాంతులు కాకుండా డెక్సామెథసోన్ ఇవ్వడం మామూలు. ఆ రాత్రి కళ్ళు మూతపడవు, పడితే కలలు గోలగోలగా ఉంటాయి.

టామాక్సిఫెన్. 1962లో ఇంగ్లండులో తయారైంది, 1977లో అమెరికాలో రొమ్ము కేన్సరుకి అనుమతి వచ్చింది. ఎంతోమంది ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడింది. దీన్ని ఐదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు రోజూ వేసుకోవాలి. ఒంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రి చెమటతో జాకెట్టు తడిసి లేవడం దీని గుణం. ఈ ఆవిర్లు తగ్గడానికి కొందరికి ఇచ్చే వెన్లాఫాక్సిన్ లాంటి మందులు కలల తీరునే మార్చేస్తాయి.

ఆపరేషన్. పెద్ద ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రాత్రులు కలలొచ్చే నిద్ర బాగా తగ్గిపోతుంది. తర్వాతి రాత్రుల్లో ఆ బాకీ అంతా ఒకేసారి వచ్చి మీద పడుతుంది. అఫ్జల్‌గంజ్ కమిషన్ కళ్ళు తెరవగానే మూసేసిన ఫైలు ఇదే.

ఇక నొప్పి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం తర్వాత మన దేశంలో ఆస్పత్రులకి మార్ఫిన్ తెచ్చుకోవడం నానా కష్టమైంది. 2014లో ఆ చట్టం సవరించేదాకా ఎన్ని లక్షల రాత్రులు నొప్పితో తెల్లారాయో. నొప్పి మందు దొరికినవాళ్ళకి నిద్ర దొరికింది, కాని ఆ మందు కూడా కలలతో ఆడుకుంటుంది.

అసలు కల ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే దశ ఒకటుందని అచ్చు వేయించారు. ఆ దశలో లేపితే చాలామంది కల చెప్పగలిగారు. రాత్రి ఇంచుమించు తొంభై నిమిషాలకోసారి ఆ దశ వస్తుంది. మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారుజామున అరగంట దాకా సాగుతుంది. అందుకే తెల్లవారుజాము కల అంత స్పష్టంగా ఉంటుంది. నిజమవుతుందని కాదు, ఎక్కువసేపు నడుస్తుంది కాబట్టి, దాని మీదే మెలకువ వస్తుంది కాబట్టి.

ఇంకో సంగతి. కల గుర్తుండాలంటే మధ్యలో మెలకువ రావాలి. మామూలు మనిషి కలల్లోంచి నేరుగా గాఢనిద్రలోకి పోతాడు, కల చెరిగిపోతుంది. ఆవిర్లతోనో నొప్పితోనో రాత్రికి పది సార్లు లేచే మనిషికి పది కలలూ సేవ్ అవుతాయి. ఆ మనిషి నాకు విపరీతంగా కలలొస్తున్నాయి అంటాడు. నిజానికి మనందరికీ వస్తున్నాయి, మనకి డిలీట్ అయిపోతున్నాయి అంతే. దీనికి తోడు కలల దశని అణచిపెట్టే మందుని ఒక్కసారిగా మానేస్తే, అణిగినదంతా ఎగిరి లేస్తుంది. నిద్ర మాత్ర ఠక్కున మానేసినవాళ్ళకి పీడకలలు రావడం వెనక చాలాసార్లు ఇదే కారణం.

ఇదంతా నేనెందుకు చదివానంటే, గౌలిపురలో ఉండే మా మేనత్త వల్ల. రొమ్ము కేన్సరుకి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. రిపోర్టులు బాగున్నాయి. ఇంట్లో అందరూ గండం గడిచిందని బోనం కూడా ఎత్తారు. నేను వాళ్ళింట్లో ఉన్న ఒక రాత్రి రిలీజు కాల్ లో రెండింటిదాకా మేలుకుని ఉంటే, అత్తమ్మ హాల్లో చీకట్లో కూర్చుని ఉంది. ఏమైందంటే మెల్లగా చెప్పింది. "పండుకుంటె సాలు బిడ్డా, అదే దవఖాన. సెలైన్ సీస ఎక్కుతనే ఉంటది, అయిపోదు. గేటు కాడ మీ మామ నిలవడి రమ్మంటడు." మామయ్య పోయి ఎనిమిదేళ్ళు.

డాక్టరుకి చెప్పినవా అత్తమ్మా అంటే, "గంత పెద్ద రోగం తగ్గించిండు, గాయనకు కలల ముచ్చట ఏం చెప్తం?" అంది. పక్కింటి ఆమెకి కూడా చెప్పలేదు. చెడ్డ కల నోట్లోంచి బయటికి వస్తే నిజమవుతుందని భయం. పాతబస్తీలో ముస్లింల ఇళ్ళల్లో కూడా చెడు కల ఎవరికీ చెప్పకూడదనే అంటారు. అంటే చూడండి, ఇంట్లో చెప్పకూడదు, ఆస్పత్రిలో ఎవరూ అడగరు. రెండు తలుపులూ మూసేశాక ఆ మనిషి చీకట్లో హాల్లో కూర్చోవడం కాక ఇంకేం చేస్తుంది? పోయిన మనిషి పిలుస్తున్నాడు కాబట్టి జబ్బు మళ్ళీ వస్తుందనీ, తన రోజులు దగ్గరపడ్డాయనీ లోపల్లోపల తీర్మానించుకుంది. రిపోర్టు బాగుంది అన్న మాట ఆమెకి చేరనే లేదు.

తర్వాతి చెకప్ కి నేను కూడా వెళ్ళి కూర్చుని నిద్ర సంగతి ఎత్తాను. డాక్టరు చికాకు పడతాడేమో అనుకున్నాం, పడలేదు. రాత్రి చెమట పడుతోందా, నొప్పి ఉందా, మాత్ర ఏ వేళకి వేసుకుంటున్నారు, పగలు ఎంతసేపు పడుకుంటున్నారు, భయంగా ఉంటోందా అని వరసగా అడిగాడు. ఐదు నిమిషాల పని. ఇది మందుల వల్ల, జరిగినదాని వల్ల చాలామందికి వచ్చేదే అని ఒక్క మాట అన్నాడు. ఆమెకి సగం భారం ఆ మాటతోనే దిగింది. కలలు పూర్తిగా ఆగాయని చెప్పను. కానీ ఇప్పుడు కల వచ్చిన పొద్దున చాయ్ తాగుతూ మా చెల్లికి చెప్పేస్తుంది.

ఆమె ఒక్కతే కాదు. కేన్సరు రోగుల్లో 30 నుంచి 50 శాతం మందికి నిద్ర ఇబ్బంది ఉంటుందని 2001లో అచ్చయిన ఒక పరిశోధన సమీక్ష చెప్పింది. సగానికి దగ్గరగా ఉన్న సమస్య ఏ సిస్టంలోనైనా టాప్ ప్రయారిటీ టికెట్. ఇక్కడ మాత్రం టికెట్టే రెయిజ్ కాదు, ఎందుకంటే యూజరు ఇది బగ్ అనుకోడు, తలరాత అనుకుంటాడు.

మరి చేయడానికేముంది? ఉంది. పదే పదే వచ్చే పీడకలకి ఒక పద్ధతి ఉంది. పగటిపూట తీరిగ్గా కూర్చుని కలని కాగితం మీద రాసుకోవాలి, దాని ముగింపునో మధ్యనో మనకి ఇష్టం వచ్చినట్టు మార్చి రాయాలి, ఆ కొత్త కథని రోజూ కాసేపు కళ్ళు మూసుకుని ఊహించుకోవాలి. 2001లో బారీ క్రాకో బృందం లైంగిక దాడికి గురైన ఆడవాళ్ళతో చేసిన పరీక్షలో దీనివల్ల పీడకలలు తగ్గాయి. నిద్ర పట్టకపోవడానికి మాత్ర కంటే ముందు వాడాల్సింది అలవాట్లనీ ఆలోచననీ సరిచేసే చికిత్స అని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సిఫారసు చేసింది. రోజూ ఒకే వేళకి లేవడం, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోవడం, పగటి నిద్ర తగ్గించడం లాంటివి అందులో ఉంటాయి. స్టెరాయిడ్ మాత్ర పొద్దుటి పూటకి మార్చుకోవచ్చా అని డాక్టర్ని అడగొచ్చు. ఆవిర్లకీ నొప్పికీ విడిగా మందులున్నాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కలలొస్తున్నాయని టామాక్సిఫెన్ లాంటి మందుని సొంతంగా మానేయొద్దు, చెప్పి మార్పించుకోవాలి. నిద్రలో కొట్టడం తన్నడం, ఊపిరి ఆగినట్టవడం, బతకాలని లేదనిపించడం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

1888 లో లారీ, 1889 లో బ్రంటన్ తమ కాలపు ప్రశ్నకి జవాబు వెతికారు. 1911 లో లెవీ రోగి భయాన్ని లెక్కలోకి తీసుకుంటే జవాబే మారింది. 1948 లో సుబ్బారావు, ఫార్బర్ పిల్లలు బతుకుతారా అన్న ప్రశ్నకి మొదటిసారి అవును అనిపించారు. అలా బతికినవాళ్ళు ఇప్పుడు మన ఇళ్ళల్లో, మన ఆఫీసుల్లో ఉన్నారు కాబట్టే కొత్త ప్రశ్న అడగాల్సి వస్తోంది. బతకడం ఖాయమైన చోటే ఎలా బతుకుతున్నారు అన్న మాట పుడుతుంది. ఆ లెక్కన ఇది మంచి రోజే.

మన టీముల్లో ఎవరో ఒకరు ఆరు నెలల సెలవు తర్వాత తిరిగొస్తారు. జుట్టు ఇంకా పూర్తిగా రాదు. మనం కేకు కోసి, చప్పట్లు కొట్టి, మర్నాటి నుంచి పొద్దున తొమ్మిదింటి స్టాండప్ కి పిలుస్తాం. మీటింగులో కళ్ళు మూతలు పడితే ఇంకా నీరసం తగ్గలేదు పాపం అనుకుంటాం. నీరసం కావచ్చు, లేదా రాత్రి మూడింటికి లేచి మళ్ళీ పడుకోవడానికి భయపడి కూర్చుని ఉండొచ్చు. ఎలా ఉన్నావు అంటే అందరూ బాగున్నా అనే అంటారు. అది నోటికి అలవాటైన జవాబు. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగి చూడండి. అంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి దానికి రెడీమేడ్ జవాబు ఉండదు. కాసేపు ఆగి, చెప్తారు.